సోలార్ ప్యానెళ్లు వేరు, బ్యాటరీ వేరు: నడిగూడెం డాబాల లెక్క

తెలంగాణలో నడిగూడెం చుట్టుపక్కల కరెంటు పుట్టే చోట్లకు కొదవ లేదు. ఎగువన నాగార్జునసాగర్ దగ్గర 815.6 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. దిగువన పులిచింతల దగ్గర కృష్ణ ఎడమ గట్టున 120 మెగావాట్ల కేంద్రం ఉంది. మిర్యాలగూడ అవతల దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. అందులో రెండో యూనిట్‌ను 2024 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జాతికి అంకితం చేశారు. ఇప్పుడు ఇంకో చోటు గురించి మాట్లాడుకుంటున్నాం. అది మన ఇంటి డాబా. 2024 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మొదలైనప్పటి నుంచి సోలార్ పెట్టించుకోమని చెప్పేవాళ్లు పెరిగారు. ప్యానెళ్లతో పాటు బ్యాటరీ కూడా తీసుకుంటే కరెంటు ఆఫీసుతో పనే ఉండదనే మాట కూడా వినిపిస్తోంది. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడగడం దగ్గరే పొరపాటు మొదలవుతుందని నా వాదన. ప్యానెళ్లు కొనాలా వద్దా అన్నది కరెంటు బిల్లు తేల్చాల్సిన విషయం. బ్యాటరీ కొనాలా వద్దా అన్నది కరెంటు కోతలు తేల్చాల్సిన విషయం. మొదటిది చాలా ఇళ్లకు లాభం, కొన్ని ఇళ్లకు దండగ. రెండోది ఇవాళ్టి నిబంధనల కింద చాలా ఇళ్లకు పెట్టుబడి కాదు, కేవలం సౌకర్యం.

ముందు ఎండ సంగతి చూద్దాం. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయని పథకం లెక్క వేసింది. తెలంగాణలో అది అందని అంకె కాదు. కానీ మండే ఎండంతా కరెంటుగా మారుతుందని అనుకోకూడదు. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచి చీటీ అంటిస్తారు. మే నెల మధ్యాహ్నం కోదాడలో డాబా మీద ప్యానెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.35 నుంచి 0.4 శాతం పడిపోతుంది కాబట్టి, ఎండ దంచికొట్టే వేళకే పన్నెండు, పద్నాలుగు శాతం తగ్గిపోతుంది. వానాకాలంలో మబ్బులు తమ వంతు తీసుకుంటాయి. దుమ్ము సంగతి వేరే చెప్పాలి. మేళ్లచెరువు, హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఉన్న ప్రాంతం ఇది. గాజు మీద పడిన సిమెంటు పొడి మంచుకు తడిసి ఎండకు ఆరితే పెచ్చులా గట్టిపడుతుంది. బోరు నీళ్లతో కడిగి అలాగే వదిలేస్తే ఉప్పు తెల్లటి మరకలు కడుతుంది. వీటన్నిటినీ కలుపుకొని కిలోవాట్‌కు నెలకు 120 యూనిట్లు కాకుండా 110 యూనిట్లే వేసుకోవడం మంచిది. ఈ వ్యాసంలో లెక్కలన్నీ దాని మీదే వేశాను.

ఇక బిల్లు సంగతి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం తెలంగాణలో ఇళ్లను మూడు తరగతులుగా చూస్తారు. నెలకు వంద యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయలు, ఆ పైన 3.10. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80. రెండు వందలు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకే 5.10 పడుతుంది, 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9.00, ఆ పైన 9.50, ఎనిమిది వందలు దాటితే 10 రూపాయలు. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు దీనికి అదనం. ఈ మెట్లను ఒకసారి దగ్గర నుంచి చూడండి. సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి వాడకం చార్జీ 820 రూపాయలు. పక్కింట్లో 201 కాలితే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ తేడాకు రెండు వందలకు పైగా ఎక్కువ. దీనికి గృహజ్యోతి పథకం తోడైంది. 2024 మార్చి బిల్లుల నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది; దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. అంటే కార్డున్న ఇంట్లో ఆ 201వ యూనిట్ వెయ్యి రూపాయలకు పైగా ఖరీదు చేస్తోంది. సోలార్ ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో తేల్చేది ఈ మెట్లే. సూర్యుడు అందరి డాబాల మీదా ఒకేలా కాస్తాడు, బిల్లులు మాత్రం ఒకేలా రావు.

ధర వైపు చూస్తే, సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మూడు దాటాక ఎంత పెద్దది పెట్టినా సబ్సిడీ పెరగదు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 50,000, మూడోదానికి 45,000 ప్రామాణిక ధరగా తీసుకొని ప్రభుత్వం ఈ లెక్క కట్టింది. మార్కెట్లో పడేది అంతకంటే ఎక్కువే. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే పెట్టాలి, అవి దిగుమతి సరుకు కంటే ఖరీదు. డాబా మీద మిరపకాయలు ఆరబెట్టుకోవాలన్నా, వేసవిలో మంచాలు వేసుకోవాలన్నా ప్యానెళ్లను మనిషి ఎత్తుకు పైగా లేపాలి. ఆ ఇనుప స్టాండ్ ఖర్చు వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కొంత ఊరట. అన్నీ కలిపి ఒక కిలోవాట్ 75,000, రెండు కిలోవాట్లు 1,40,000, మూడు కిలోవాట్లు రెండు లక్షలు అనుకొని లెక్క వేద్దాం. సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది 45,000, 80,000, 1,22,000. ఇవి నేను లెక్క కోసం అనుకున్న అంకెలు. మీకు వచ్చే కొటేషన్ వేరైతే ఇదే పద్ధతిలో మీ అంకె పెట్టి చూసుకోండి.

మొదట, నెలకు 90 యూనిట్లు వాడే ఇల్లు. రెండు ఫ్యాన్లు, టీవీ, చిన్న ఫ్రిజ్ ఉండే ఇల్లు అది. తెల్ల కార్డు ఉంటే బిల్లే లేదు. కార్డు లేకపోయినా వాడకం చార్జీ 221 రూపాయల 50 పైసలే. ఒక కిలోవాట్ పెట్టి దాన్ని మొత్తం తుడిచేసినా ఏడాదికి మిగిలేది 2,658 రూపాయలు. నలభై ఐదు వేలు తిరిగి రావడానికి పదిహేడేళ్లు పడుతుంది. ఈలోగా ఇన్వర్టర్ ఒకసారైనా మార్చాల్సి వస్తుంది. ఈ ఇంటివాళ్లకు సోలార్ అమ్మడం అన్యాయం. కార్డు లేకుండా 180 యూనిట్లు వాడే ఇంటికి వాడకం చార్జీ 724 రూపాయలు. ఒక కిలోవాట్ పెడితే మీటరులో నికరంగా 70 యూనిట్లు మిగిలి బిల్లు 160 రూపాయలకు దిగుతుంది. ఏడాదికి 6,770 దాకా మిగిలితే ఏడేళ్ల లోపు పెట్టుబడి తీరుతుంది. ఫర్వాలేదు అనదగ్గ లెక్క ఇది. ఇదే ఇంటికి రెండు కిలోవాట్లు అంటగడితే, బిల్లులో తగ్గేదాన్ని బట్టే చూస్తే తొమ్మిదేళ్లు దాటుతుంది.

350 యూనిట్లు వాడే ఇంటి దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఒక ఏసీ, గీజర్, మోటారు ఉన్న ఇల్లు అది. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఉద్యోగస్తుల ఇళ్లు, వ్యాపారస్తుల ఇళ్లు చాలావరకు ఇలాంటివే. వాడకం చార్జీ 2,240 రూపాయలు. రెండు కిలోవాట్లతో 220 యూనిట్లు పోతే నికరంగా 130 మిగులుతుంది. అప్పుడు ఆ ఇల్లు పై తరగతి నుంచి మధ్య తరగతిలోకి దిగుతుంది, బిల్లు 484 అవుతుంది. నెలకు 1,756, ఏడాదికి 21,000 మిగులు. ఎనభై వేలు నాలుగేళ్ల లోపే తిరిగొస్తాయి. ప్యానెళ్లకు తయారీదారులు మామూలుగా 25 ఏళ్ల ఉత్పత్తి హామీ ఇస్తారు. ఏడాదికి అర శాతం చొప్పున తగ్గినా, పదేళ్లకో పన్నెండేళ్లకో ఇన్వర్టర్ మార్చినా, ఇంత నిలకడగా రాబడి ఇచ్చే వస్తువు మధ్యతరగతి ఇంట్లో ఇంకొకటి లేదు. అప్పు చేసి పెట్టినా నిలిచే లెక్కే ఇది. మూడు కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా, రెపో రేటుకు అర శాతం కలిపిన వడ్డీకి ప్రభుత్వ బ్యాంకులు అప్పు ఇస్తున్నాయి. అయితే ఇదే ఇంటికి మూడో కిలోవాట్ ఏం చేస్తుందో చూడండి. నికర వాడకం 20 యూనిట్లకు పడిపోయి బిల్లు 39 రూపాయలవుతుంది. అదనంగా మిగిలేది నెలకు 445 మాత్రమే, దానికి అదనంగా పడే ఖర్చు 42,000. మొదటి రెండు కిలోవాట్లు నాలుగేళ్లలో చేసిన పనికి మూడోది ఎనిమిదేళ్లు తీసుకుంటుంది. పై మెట్ల యూనిట్లను కొట్టేసే ప్యానెల్ బంగారం, కింది మెట్ల యూనిట్లను కొట్టేసే ప్యానెల్ ఇత్తడి. బిల్లు సున్నా కావాలనే కోరికే చాలామందిని అవసరానికి మించి కొనేలా చేస్తోంది.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగి ఉంది, దాన్ని సోలార్ అమ్మేవాళ్లు చెప్పరు. తెల్ల కార్డుండి వేసవిలో 230, 250 యూనిట్లు దాటి బిల్లు మీద పడుతున్న ఇంటికి కావాల్సింది ప్యానెల్ కాదు, ఫ్యాన్. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలికి 30 వాట్లు తీసుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటల చొప్పున తిరిగితే రోజుకు రెండు యూనిట్లకు పైగా, నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. అంటే అర కిలోవాట్ ప్యానెళ్లు ఇచ్చేదాని కంటే ఎక్కువ. నాలుగు ఫ్యాన్లకు పన్నెండు వేలు అనుకున్నా, 250 యూనిట్ల ఇల్లు 185కు దిగి మళ్లీ సున్నా బిల్లులోకి వెళ్తుంది. 1,400 రూపాయలు దాటే నెల బిల్లు పోతుంది. రెండు మూడు వేసవుల్లో ఫ్యాన్ల ఖర్చు తీరిపోతుంది. దీనికి డాబా అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు, అద్దె ఇల్లైనా ఖాళీ చేసేటప్పుడు విప్పుకొని పోవచ్చు. సోలార్ గురించి ఆలోచించే ఏ ఇంటికైనా మొదటి మెట్టు ఇదే కావాలి. ముందు వాడకం తగ్గించుకొని, తగ్గిన వాడకానికి సరిపడా ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లు రెండు వైపులా మిగుల్చుకుంటారు.

ఇప్పుడు బ్యాటరీ. దీని సంగతి తేలాలంటే నెట్ మీటరింగ్ అర్థం కావాలి. పగలు మన ప్యానెళ్లు చేసిన కరెంటులో ఇంట్లో వాడగా మిగిలింది లైన్‌లోకి పోతుంది. రాత్రి మనం లైన్ నుంచి తీసుకుంటాం. రెండు వైపులా తిరిగే మీటరు ఈ రెండింటినీ రాసిపెట్టి, తేడాకు మాత్రమే బిల్లు వేస్తుంది. మిగులు ఉంటే తర్వాతి నెలకు జమ అవుతుంది. ఆరు నెలలకోసారి లెక్క తేల్చి, కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) తాను సగటున కరెంటు కొనే ధరకు డబ్బు ఇస్తుంది. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి 2016లో చేసిన నిబంధనల సారం ఇది. అంటే పగలు లైన్‌లో వేసిన యూనిట్ రాత్రి యూనిట్‌కు యూనిట్‌గా తిరిగొస్తోంది. డిస్కం మన కోసం ఖర్చు లేకుండా బ్యాటరీలా పనిచేస్తోంది. అలాంటప్పుడు ఇంట్లో ఇంకో బ్యాటరీ పెట్టి అదే యూనిట్‌ను దాచుకుంటే మిగిలేదేమిటి? ఏమీ లేదు, పైగా నష్టం. లిథియం బ్యాటరీలో వేసిన ప్రతి పది యూనిట్లలో సుమారు ఒకటి, లెడ్ యాసిడ్ బ్యాటరీలో రెండు మూడు, దాచి తీసే క్రమంలోనే పోతాయి. బ్యాటరీకి సూర్యఘర్ సబ్సిడీ లేదు. జీఎస్టీ 18 శాతం.

నెట్ మీటరింగ్ రేపు ఉంటుందన్న భరోసా ఏమిటని అడగవచ్చు. మంచి ప్రశ్న. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసుకున్నవాళ్లకు లైన్‌లోకి పంపిన కరెంటు ధరను దాదాపు నాలుగింట మూడు వంతులు కోసేశారు. అప్పటి నుంచి అక్కడ సోలార్ పెట్టేవాళ్లలో చాలామంది బ్యాటరీ కూడా పెడుతున్నారు. ఆస్ట్రేలియాలో నలభై లక్షలకు పైగా ఇళ్ల మీద ప్యానెళ్లున్నాయి; మధ్యాహ్నం మిగులు కరెంటుకు విలువ పడిపోవడంతో 2025 జులై 1 నుంచి ప్రభుత్వమే ఇంటి బ్యాటరీలకు సుమారు 30 శాతం రాయితీ ఇస్తోంది. ఇక్కడా ఆ రోజు రావచ్చు. కానీ ఆ రోజుకు లెక్క ఎలా ఉంటుందో ఇప్పుడే వేసి చూద్దాం. ఐదు యూనిట్ల లిథియం బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు అదనంగా పడేది కలిపి లక్ష రూపాయలు అనుకుందాం. లైన్‌లోకి పంపితే నాలుగు రూపాయలే వస్తాయని, రాత్రి కొంటే 7.70 పడుతుందని అనుకుందాం. రోజూ నిండా నింపి ఖాళీ చేస్తే చేతికొచ్చే నాలుగున్నర యూనిట్ల మీద మిగిలేది రోజుకు 17 రూపాయల లోపే, ఏడాదికి ఆరు వేలు. లక్ష తీరడానికి పదహారేళ్లు దాటుతుంది. బ్యాటరీ అంతకాలం అదే బలంతో ఉండదు. అంటే నిబంధనలు కొంత మారినా ఇవాళ్టి ధరకు బ్యాటరీ డబ్బు సంపాదించి పెట్టదు. బ్యాటరీల ధరలు ఏటేటా తగ్గుతున్నాయి. నిబంధన మారిన రోజున, అప్పటి ధర చూసుకొని కొనుక్కోవచ్చు. ఇన్వర్టర్ దగ్గర కాస్త చోటు వదిలి పెట్టుకుంటే చాలు.

అయితే డబ్బు ఒక్కటే లెక్క కాదు కదా, కరెంటు పోతే ఏం చేయాలి? ఇక్కడ చాలామంది మోసపోతున్న విషయం ఒకటుంది. డాబా నిండా ప్యానెళ్లుండి, నడినెత్తిన సూర్యుడుండి, లైన్‌లో కరెంటు పోతే మన ఇంట్లో కూడా ఫ్యాన్ ఆగిపోతుంది. లైన్ చనిపోయిన క్షణంలో ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయేలా తయారుచేస్తారు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది, తీసేయమని అడగకూడనిది. కాబట్టి సోలార్ పెట్టించుకుంటే కోతల బాధ తీరుతుందనేది అబద్ధం. కోతల బాధ తీరాలంటే బ్యాటరీ కావాల్సిందే. కానీ ఎంత బ్యాటరీ? మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై రూటర్ కలిపి 140 వాట్లు. నాలుగు గంటలు నడిస్తే అర యూనిట్‌కు కాస్త ఎక్కువ. 2012, 2013 నాటి కోతల కాలం నుంచి ఊళ్లలో కనిపించే 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ పేరుకు 1.8 యూనిట్లు పట్టుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తూ నాలుగైదేళ్లు కాపాడుకుంటే ఆ పని అదే చేస్తుంది. దాన్ని పక్కన పడేసి లక్షల బ్యాటరీ కొనాల్సిన పని మామూలు ఇంటికి లేదు.

పెద్ద బ్యాటరీ నిజంగా అవసరమయ్యేవాళ్లు లేకపోలేదు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్న రోగి ఉంటే, మందులు చల్లగా ఉంచాల్సిన క్లినిక్ నడుపుతుంటే, డీజిల్ జనరేటర్ మీద ఆధారపడ్డ దుకాణమైతే, అప్పుడు బ్యాటరీని యూనిట్ ధరతో కొలవకూడదు. ఆగిపోతే జరిగే నష్టంతో కొలవాలి. దుకాణాలకు ఇంకో వెసులుబాటు ఉంది. వాణిజ్య కనెక్షన్‌కు వంద యూనిట్లు దాటాక యూనిట్ దాదాపు పది రూపాయలు పడుతుంది, పైగా వాడకం ఎక్కువగా పగలే. సూర్యఘర్ సబ్సిడీ రాకపోయినా అక్కడ ప్యానెళ్లు గిట్టుబాటు అవుతాయి. ఇక 2024 సెప్టెంబర్ 1 లాంటి రోజులు ఉండనే ఉన్నాయి. ఆనాటి వానలకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది, కోదాడ నీట మునిగింది. అలాంటి రోజుల్లో ఫోన్ చార్జింగే ప్రాణాధారం. దానికీ చిన్న ఇన్వర్టర్ సరిపోతుంది. కాకపోతే బ్యాటరీని నేల మీద కాకుండా నీరు అందని ఎత్తులో పెట్టుకోవాలి.

ప్యానెళ్ల మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది నష్టభయం. వేసవి చివర గాలిదుమారాలకు రేకులు లేచిపోయే ప్రాంతం ఇది. కోతుల గుంపులు డిష్ వైర్లు పీకి పెంకులు కూల్చే ఊళ్లు ఇవి. ఈ భయం నిజమే. కానీ రెండింటికీ సమాధానం పని నాణ్యతలో ఉంది. స్టాండ్ కాళ్లను శ్లాబుకు కెమికల్ యాంకర్లతో బిగించి, కాంక్రీటు దిమ్మెలు కట్టాలి. ఇటుకల బరువు పెట్టి వదిలేస్తే ఒప్పుకోకూడదు. వైర్లన్నీ పైపుల్లోంచి నడిపించాలి, వేలాడే వైరు కనిపిస్తే కోతి వదలదు. ఎర్తింగ్, పిడుగు రక్షణ విడివిడిగా ఉండాలి. ప్యానెళ్లు దక్షిణం వైపు, ఈ ప్రాంతపు అక్షాంశానికి తగ్గట్టు సుమారు 17 డిగ్రీల వాలుతో ఉండాలి. నీళ్ల ట్యాంకు నీడ, వేపచెట్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా వరుస మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. కడగడం తెల్లవారుజామునో సాయంత్రమో చేయాలి, కాలిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు. పథకం కింద పెట్టినవాళ్లు ఐదేళ్లు నిర్వహణ చూడాలన్నది నిబంధన; దాన్ని కాగితం మీద రాయించుకోవాలి. పెంకుటిళ్లకు, బలం లేని రేకుల ఇళ్లకు మాత్రం నా సమాధానం సూటిగా వద్దు అనే.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే లోతైనది. ఎక్కువ బిల్లు కట్టే ఇళ్లన్నీ సోలార్‌కు మారితే, వాళ్లు పై మెట్లలో కట్టే డబ్బుతో నెట్టుకొస్తున్న డిస్కం ఏమవుతుంది? ఆ భారం డాబా లేనివాళ్ల మీద, అద్దె ఇళ్లవాళ్ల మీద పడదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. పాకిస్తాన్‌లో 2024లో ఒక్క ఏడాదే సుమారు 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతి అయ్యాయి. స్తోమత ఉన్నవాళ్లు గ్రిడ్ మీద ఆధారపడటం తగ్గించుకునే కొద్దీ, మిగిలినవాళ్ల మీద స్థిర ఖర్చుల బరువు పెరిగింది. ఇక్కడ కూడా సాయంత్రం ఏడు గంటలకు అందరూ లైట్లు, ఏసీలు వేసే వేళ ప్యానెళ్లు ఒక్క యూనిట్ ఇవ్వవు. ఆ వేళకు యాదాద్రి బొగ్గు కాలాల్సిందే. ఇందుకే ఇంటి బ్యాటరీల కంటే ఊరి బ్యాటరీ, రాష్ట్రపు బ్యాటరీ గురించి ఆలోచించాలంటాను. గుజరాత్‌లోని మోఢేరాలో వెయ్యికి పైగా ఇళ్ల మీద ఒక్కో కిలోవాట్ ప్యానెళ్లు పెట్టి, ఇంటింటికీ బ్యాటరీ ఇవ్వకుండా అందరికీ కలిపి 15 మెగావాట్ అవర్ల బ్యాటరీ కేంద్రం కట్టారు. 2022 అక్టోబర్ 9న దాన్ని సౌర గ్రామంగా ప్రకటించారు. మనకు అంతకంటే పెద్ద వసతి చేతిలోనే ఉంది. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడూ రివర్సిబుల్ టర్బైన్లే. పగటి మిగులు కరెంటుతో దిగువ నీటిని మళ్లీ పైకి తోడి సాయంత్రం కరెంటుగా మార్చగలవు. పగటి సౌర విద్యుత్తును రాత్రికి మోసే పని అలాంటి ఉమ్మడి ఏర్పాట్లది. ఆ ఖర్చును ఇంటింటి మీదకు నెట్టడం సరికాదు.

న్యాయం వైపు నుంచి ఆలోచిస్తే ఇంకోటి కూడా చెప్పాలి. 350 యూనిట్ల ఇంటికి అరవై వేలు సబ్సిడీ ఇచ్చి, 90 యూనిట్ల ఇంటికి గిట్టుబాటు కాని పథకం పేదవాడి పథకం కాదు. రాష్ట్రంలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఊరంతటికీ సోలార్ పెట్టారు. అది ముఖ్యమంత్రి సొంత ఊరు. నడిగూడెం లాంటి మండల కేంద్రాల్లో ఇంటింటికీ అలా చేయడం తేలిక కాదు. కానీ పంచాయతీ భవనం, బడులు, ఆరోగ్య కేంద్రం, మంచినీటి ట్యాంకు మోటార్లు పగటిపూటే ఎక్కువ కరెంటు వాడతాయి. వాటి మీద ప్యానెళ్లు పెడితే లాభం ఊరందరిదీ అవుతుంది. సబ్సిడీ డబ్బు అక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది. పర్యావరణం కోసమైనా అంతే. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ప్రతి యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. రెండు కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాదికి రెండు టన్నులకు కాస్త తక్కువగా ఆ భారాన్ని తగ్గిస్తాయి. దామరచర్ల పొగ పీల్చే ప్రాంతానికి అది చిన్న సంగతి కాదు. అయినా ఆ పుణ్యం కోసం 90 యూనిట్ల ఇంటిని అప్పుల్లోకి దించకూడదు. ఆ బాధ్యత ముందు ఎక్కువ కాల్చేవాళ్లది.

చివరికి తీర్పు ఇది. సొంత శ్లాబు ఇల్లుండి, నీడ పడని చోటు కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల చొప్పున ఉండి, ఏడాది సగటున 250 యూనిట్లు దాటుతుంటే ప్యానెళ్లు పెట్టించండి. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరంతో ముగుస్తుంది కాబట్టి వాయిదా వేయకండి. పది కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే డిస్కం దరఖాస్తును అంగీకరించాలని కేంద్రం 2024లో నిబంధన మార్చింది. ఆ హక్కు మీకుందని సెక్షన్ ఆఫీసులో గుర్తు చేయండి. ముందు మొత్తం డబ్బు మీరే కట్టాలి, సబ్సిడీ తర్వాతే ఖాతాలో పడుతుందన్నది మరవకండి. 150 నుంచి 250 మధ్య ఉండి కార్డు లేకపోతే ఒక కిలోవాట్‌తో సరిపెట్టుకోండి. కార్డుండి 200 అటూ ఇటూగా ఉంటే ఫ్యాన్లు మార్చండి. వంద లోపు ఉంటే ఎవరెంత చెప్పినా కొనకండి. బ్యాటరీ మాత్రం ప్రాణావసరమో, వ్యాపారావసరమో ఉంటే తప్ప ఇప్పుడు కొనకండి. కోతలకు చిన్న ఇన్వర్టర్ చాలు. సోలార్ కంపెనీ మనిషిని ఇంటికి పిలిచే ముందు గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి, నెలనెలా యూనిట్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్ని కిలోవాట్లు కావాలో ఆ కాగితం చెప్పాలి, అమ్మేవాడు కాదు.